జడ్జిగారు గిఫ్ట్ తీసుకుంటే అడిగేదెవరు?

మొన్న చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర బస్సు ఆగినప్పుడు వెనక సీట్లో మనోళ్లే ఇద్దరు హైకోర్టు ఎర్ర బిల్డింగ్ చూస్తూ, జడ్జీలు గిఫ్టులు తీసుకోకూడదని అసలు రూలుందా లేదా అని వాదించుకుంటున్నారు. ఉంది, కాకపోతే అది చట్టం కాదు.

1997 మే 7న సుప్రీంకోర్టు జడ్జీలు తమకి తాము 16 పాయింట్లు రాసుకున్నారు, 1999లో హైకోర్టు చీఫ్ జస్టిస్‌లు కూడా సరేనన్నారు. అందులో ఒకటి, కుటుంబం, దగ్గరి చుట్టాలు, స్నేహితులు తప్ప ఎవరి దగ్గరా గిఫ్టులు, మర్యాదలు పుచ్చుకోకూడదని. ఆ 'స్నేహితులు' అన్న దగ్గరే నాకు తిక్క, లాయర్ల బార్‌లో ఇరవయ్యేళ్లు కలిసి టీ తాగినోళ్లంతా స్నేహితులే, రేపు ఆ కోర్టులోనే వాదించేదీ వాళ్లేగా! 2001లో బెంగళూరులో వేరే వేరే దేశాల జడ్జీలు కూర్చుని ఒక డ్రాఫ్ట్ తయారుచేశారు, 2002లో హేగ్‌లో దాన్ని ఖాయం చేశారు, బెంగళూరు సూత్రాలంటారు, అందులో జడ్జిగారి ఇంట్లోవాళ్లు, కోర్టు స్టాఫ్ కూడా పుచ్చుకోకూడదని ఉంది.

సరే, తప్పితే ఏంటి? దీనికి మద్రాసులోనే పాత కథ ఉంది. మద్రాసు హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా ఉండగానే కె.వీరాస్వామి మీద 1976లో సీబీఐ కేసు పెట్టింది, ఆదాయానికి మించిన ఆస్తులని ఆరోపణ. జడ్జి కూడా అవినీతి చట్టం కిందకొస్తాడు, కానీ ఎఫ్ఐఆర్‌కి ముందు సీజేఐని (భారత ప్రధాన న్యాయమూర్తిని) అడగాలి అని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1991 అయింది. రెండేళ్లకి ఆయన అల్లుడు జస్టిస్ వి.రామస్వామి మీద లోక్‌సభలో అభిశంసన, అంటే జడ్జిని పదవి నుంచి తీసేసే తీర్మానం (అది గిఫ్టులు కాదులెండి, అధికార నివాసం ఖర్చుల గొడవ), అనుకూలంగా 196 ఓట్లు పడ్డాయి, 205 మంది ఓటే వెయ్యలేదు, సరిపడా ఓట్లు రాక తీర్మానం పోయింది.

అంటే అభిశంసన అంత పెద్ద సుత్తి, స్వీట్ బాక్సు కోసం దాన్ని ఎవరెత్తుతారు చెప్పండి. చిన్న తప్పులకి 1999 నుంచి ఇన్-హౌస్ విచారణ ఉంది, జడ్జీలే జడ్జీల్ని విచారిస్తారు, పని ఇవ్వకుండా ఆపొచ్చు, రాజీనామా చెయ్యమనొచ్చు, ఉద్యోగం మాత్రం పీకలేరు. దీన్నంతా చట్టంలో పెడదామని 2010లో తెచ్చిన బిల్లు 2012లో లోక్‌సభ దాటింది, 2014లో సభతోపాటే అదీ పోయింది. ఇక 2025 జనవరిలో హైకోర్టు జడ్జీలు మా పరిధిలోకే వస్తారని అవినీతి ఫిర్యాదులు చూసే లోక్‌పాల్ అంది, నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు స్టే ఇచ్చేసింది.