సీసానికి అంటుకున్న ఒక గ్రాము నీరు

డిగ్రీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో సీసం విశిష్టోష్ణం నాకు 0.17 వచ్చింది. రావాల్సింది 0.13. రికార్డు చూసి సార్ అడిగింది ఒక్కటే: "గుండ్లు తుడిచావా, తడితోనే వేసేశావా?"

తడితోనే వేశాను. మరుగుతున్న నీళ్ళలోంచి చిన్న జల్లెడతో సీసపు గుండ్లు తీసి, చల్లారిపోతాయేమోనన్న కంగారులో గబగబా కెలోరిమీటరులో, అంటే వేడి కొలిచే చన్నీళ్ళ గిన్నెలో పోశాను.

ఒక గ్రాము పదార్థం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కడానికి పట్టే వేడే విశిష్టోష్ణం. నీటికి 4.18 జౌళ్ళు, అల్యూమినియానికి 0.90, రాగికి 0.385. సీసానికి మరీ తక్కువ, 0.13. కొలిచే పద్ధతి తేలికే. కాగిన లోహాన్ని చన్నీళ్ళలో వేస్తే, అది పోగొట్టుకున్న వేడిని నీళ్ళూ, నీళ్ళున్న గిన్నె కలిసి తీసుకుంటాయి. చివరికి అన్నీ ఒకే ఉష్ణోగ్రతకి వస్తాయి. ఆ అంకె తెలిస్తే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

చిక్కల్లా సీసంతోనే. 50 గ్రాముల రాగి గిన్నెలో 30 డిగ్రీల నీళ్ళు 100 గ్రాములు పోసి, 100 డిగ్రీల దగ్గరున్న 100 గ్రాముల సీసం వేశామనుకోండి. అంత చేసినా నీళ్ళు వేడెక్కేది 2 డిగ్రీలే! థర్మామీటర్ చదవడంలో అర డిగ్రీ పొరపాటు పడితే జవాబు పాతిక శాతం తప్పుతుంది. అదే అల్యూమినియమైతే హాయిగా 12 డిగ్రీలు పెరుగుతుంది.

ఇక నా తడి సంగతి. ఒక్క గ్రాము నీరు మోసే వేడి 32 గ్రాముల సీసం మోసే వేడితో సమానం. గుండ్లు చిన్నవి, సందుసందునా నీరు. ఒక గ్రాము అంటుకుని వచ్చిందంటే, 100 గ్రాముల సీసం బదులు 132 గ్రాములు వేసినట్టే. 0.13 కాస్తా 0.17 అయిందందుకే. అందుకే లాబుల్లో గుండ్లని నీళ్ళలో ఉడికించరు, చుట్టూ ఆవిరి తిరిగే గొట్టంలో పొడిగా ఉంచి వేడిచేస్తారు. చల్లారడం గురించి పడ్డ టెన్షన్‌లో సగం తడి గురించి పడి ఉంటే బాగుండేది.

ఇంతకీ సీసానికి అంత తక్కువెందుకు? 1819లో ఫ్రాన్స్‌లో డ్యూలాంగ్, పెటి అనే ఇద్దరు లోహాల విశిష్టోష్ణాన్ని పరమాణు భారంతో గుణించి చూశారు. ఇప్పటి లెక్కల్లో అల్యూమినియానికి 24.3, రాగికి 24.4, సీసానికి 26.7 వస్తుంది. అంటే వేడి పంచుకోవడంలో ఏ లోహపు పరమాణువైనా ఇంచుమించు సమానమే. సీసపు పరమాణువు అల్యూమినియం పరమాణువు కన్నా దాదాపు 7.7 రెట్లు బరువు కాబట్టి, గ్రాములో ఉండే పరమాణువులు ఆ మేరకు తక్కువ. పరమాణువుని చూసినవాళ్ళు ఎవరూ లేని కాలంలో, కెలోరిమీటరుతో పరమాణు భారాలని సరిచూసుకున్నారు. నాకు మాత్రం ఇదే ఈ ప్రయోగంలో అసలు రుచి.

వజ్రం ఈ లెక్కకి లొంగలేదు. దానికి 6 మాత్రమే వస్తుంది. తేలికైన కర్బన పరమాణువులు గట్టిగా బిగుసుకుని ఉంటాయి కాబట్టి, గది వేడిమిలో అవి పూర్తిగా కంపించలేవని 1907లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఎర్రగా కాలేంత వేడిలో వజ్రమూ మిగతావాటి అంకెకి దగ్గరవుతుంది.