బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సినిమాలు: అపోహలు – వాస్తవాలు

నేను సినిమాలకు సౌండ్ డిజైన్ చేస్తాను. మా స్టూడియోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు రిఫరెన్స్ అనగానే హాలీవుడ్ సినిమాలే తెస్తారు. బ్రిటిష్ సినిమా ఒకటి పెట్టి వినమంటే మొహం మాడ్చుకుంటారు. వాళ్ళు చెప్పే సాకులు, నేనిచ్చే జవాబులు ఇవి.

అపోహ: గ్రాఫిక్స్‌కి డబ్బు లేకపోతే సైన్స్ ఫిక్షన్ తీయలేం.

వాస్తవం: 1951లో లండన్‌లోని ఈలింగ్ స్టూడియోస్ తీసిన ‘ద మ్యాన్ ఇన్ ద వైట్ సూట్’లో రాకెట్లు లేవు, గ్రహాంతరవాసులు లేరు. ఉన్నదల్లా బట్టల మిల్లులు, మాయని చిరగని దారం కనిపెట్టిన ఒక పిచ్చి కెమిస్టు. ఆ పాత్ర అలెక్ గిన్నిస్ వేశాడు. బట్ట చిరగకపోతే మళ్ళీ కొనేదెవరు? అందుకే ఎప్పుడూ పడని మిల్లు యజమానులూ కార్మికులూ ఒక్కటై అతని వెంటపడతారు. బట్టలుతికి బతికే ముసలావిడ ఎదురుపడి, ఉతికే పనే లేకపోతే నా గతేమిటని నిలదీస్తుంది. అతని దగ్గర సమాధానం ఉండదు. చూడటానికి కామెడీయే, కానీ ఆ ఒక్క నిమిషం నవ్వు రాదు.

ఇక నా సంగతికొస్తే, ఈ సినిమాలో ల్యాబ్ పరికరం చేసే చప్పుడు కోసమే నేను దీన్ని మళ్ళీ మళ్ళీ పెడతాను. గాజు గొట్టాల్లో ద్రవం బుడబుడమంటూ, గుటకలేస్తూ, తాళం తప్పకుండా నడుస్తుంది. సౌండ్ ఎడిటర్ మేరీ హాబర్‌ఫీల్డ్ పనితనం అది. మనిషి కనపడకపోయినా ఆ చప్పుడు వినపడితే చాలు, హీరో అక్కడే ఎక్కడో ప్రయోగం మొదలుపెట్టాడని మనకు తెలిసిపోతుంది. ఆ చప్పుడు మీద 1952లో ఒక సాంబా రికార్డు కూడా వచ్చింది. దాన్ని తయారుచేసింది జార్జ్ మార్టిన్, తర్వాత బీటిల్స్‌తో పనిచేసినాయనే.

అపోహ: కంప్యూటర్లు రాకముందు ఎలక్ట్రానిక్ శబ్దాలంటే ఏవో కీచుమనే బొమ్మ చప్పుళ్ళే.

వాస్తవం: 1967 నాటి ‘క్వాటర్‌మాస్ అండ్ ద పిట్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. లండన్‌లో హాబ్స్ ఎండ్ అనే కల్పిత భూగర్భ రైల్వే స్టేషన్ తవ్వుతుంటే ముందు పుర్రెలు, తర్వాత ఒక పెద్ద లోహపు వస్తువు బయటపడతాయి. యుద్ధకాలంలో జర్మన్లు వేసిన బాంబేనని మిలిటరీ ఆఫీసరు పట్టుబడతాడు. డ్రిల్ పెడితే దాని మీద గీత కూడా పడదు. పైగా ఎక్కడి నుంచో ఒక రొద మొదలై చుట్టూ ఉన్నవాళ్ళకు కడుపులో తిప్పేస్తుంది. సంగీతం ట్రిస్ట్రమ్ కేరీది. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో రాడార్ పనిచేసి ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న మనిషి. ఎక్కడ ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) అయిపోయి ఎక్కడ ఎఫెక్ట్ మొదలవుతుందో విడదీయడం నాకే కష్టం. రాక్షసుణ్ణి చూపించినప్పుడు మాత్రం సినిమా కాస్త తేలిపోతుంది, అది ఒప్పుకోవాలి. వినిపించినంత సేపూ భయమే.

అపోహ: బ్రిటన్‌లోని హ్యామర్ సినిమా కంపెనీ అంటే డ్రాకులా సినిమాలే.

వాస్తవం: పైన చెప్పిన ‘క్వాటర్‌మాస్ అండ్ ద పిట్’ వాళ్ళదే. అసలు 1955లో ‘ద క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ ఆడాకే వాళ్ళు హారర్ దారి పట్టారు. డ్రాకులా వచ్చింది 1958లో.

అపోహ: పాత బ్రిటిష్ సినిమాలు నత్తనడక, మాటలు తప్ప ఏమీ ఉండవు.

వాస్తవం: మాటలు ఎక్కువే. కానీ ‘ద డే ద ఎర్త్ కాట్ ఫైర్’ (1961) చూసినవాళ్ళెవరూ నత్తనడక అనరు. అమెరికా, రష్యా ఒకేసారి అణు పరీక్షలు చేయడంతో భూమి గతి తప్పి సూర్యుడి వైపు జరుగుతుంది. ఇంత పెద్ద ఉపద్రవాన్ని డైరెక్టర్ వాల్ గెస్ట్ ఒక పేపరాఫీసులో కూర్చోబెట్టి చెప్పాడు. డైలీ ఎక్స్‌ప్రెస్‌కి నిజంగానే ఎడిటర్‌గా చేసిన ఆర్థర్ క్రిస్టియన్‌సెన్ ఇందులో ఎడిటర్ వేషం వేశాడు. నటన కొయ్యబొమ్మే, పాపం. కానీ ఆ ఆఫీసు చుట్టూ ఉన్న గోల ఉందే, ఫోన్లు, ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకోవడం, పరుగులు, అదంతా అచ్చం పేపరాఫీసే. భూమికేమైందో ఎవరూ తీరిగ్గా కూర్చుని మనకు పాఠం చెప్పరు, ఆ గోలలోంచే ఏరుకోవాలి. ఈ స్క్రిప్టుకి బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది. సినిమా నలుపు తెలుపులో ఉన్నా, మొదట్లోనూ చివర్లోనూ తెరంతా నారింజ రంగు కమ్మేస్తుంది. కొన్ని ప్రింట్లలో ఆ రంగు ఉండదు, చూసుకుని పెట్టుకోండి. మే నెలలో ఏసీ ఆపి చూస్తే మరీ బాగుంటుంది.

అపోహ: అక్కడ పెద్ద స్టూడియోలు ఎక్కడివి?

వాస్తవం: మొదటి ‘స్టార్ వార్స్’ సెట్లు ఎల్‌స్ట్రీలో, ‘ఏలియన్’ సెట్లు షెపర్టన్‌లో వేశారు. రెండూ ఇంగ్లండే.

అపోహ: వాళ్ళ యాస అర్థం కాదు, కాబట్టి చూసి లాభం లేదు.

వాస్తవం: ఇందులో సగం నిజం. జొనాథన్ గ్లేజర్ తీసిన ‘అండర్ ద స్కిన్’ (2013)లో మనిషి రూపంలో వచ్చిన గ్రహాంతరవాసిగా స్కార్లెట్ జొహాన్సన్ వ్యాన్ నడుపుకుంటూ గ్లాస్గో మగవాళ్ళతో మాట కలుపుతుంది. వాళ్ళలో చాలామంది నటులు కారు, కెమెరాలు వ్యాన్‌లో దాచిపెట్టారు. వాళ్ళ స్కాటిష్ యాస మనకే కాదు, లండన్ వాళ్ళకీ సరిగ్గా దొరకదు. కానీ ఆ ఊరికి ఆమే పరాయిది, మాటలు చెవిన పడుతూ అంతుచిక్కకుండా పోవడం అక్కడ సరిపోయింది. సంగీతం చేసిన మీకా లెవీ వయోలా (వయొలిన్ లాంటి వాయిద్యం) ఒక పక్క గీరుతుంటే, సౌండ్ డిజైనర్ జానీ బర్న్ పేర్చిన వీధి చప్పుళ్ళు ఇంకో పక్క తోసుకొస్తాయి. ఈ జానీ బర్నే తర్వాత ‘ద జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ సౌండ్‌కి ఆస్కార్ పంచుకున్నాడు. మిగతా సినిమాలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, తప్పు లేదు. దీనికి మాత్రం తీసేయండి.