మూడో హెచ్చరిక దాకా ఆగేవాళ్లకు: గోదావరి వరదపై అపోహలు - వాస్తవాలు

జులై వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "సార్, భద్రాచలంలో ఎన్ని అడుగులుంది? ఇంకా రెండోదేనా?" గోదావరి ముంపు మండలాల్లో రెవెన్యూ ఉద్యోగం చేసి బదిలీ అయి వచ్చేశాను. ఫోన్లు మాత్రం ఆగలేదు.

అపోహ: మూడో ప్రమాద హెచ్చరిక వచ్చాక బయల్దేరితే చాలు.

చాలదు. మొదటి, రెండో, మూడో హెచ్చరికలిచ్చే 43, 48, 53 అడుగులనేవి భద్రాచలం దగ్గర గోదావరికి పెట్టిన గుర్తులు. మీ గుమ్మానికి కాదు. కూనవరం దగ్గర శబరి నది వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లకు పోయే దారి లేక వెనక్కి ఎగదన్నుతాయి, వాగుల్లోకి ఎక్కుతాయి. ఊళ్లోకి నీళ్లు రాకముందే ఊరి రోడ్డు మునుగుతుంది. పైన ఎండ కాస్తుంటుంది కాబట్టి చెప్తే ఎవరూ నమ్మరు. 53 వచ్చేసరికి చాలా ఊళ్లకు ట్రాక్టరు పోదు, పడవే దిక్కు.

2022 జులైలో ఒక పెద్దావిడ "ఇంకా రెండోదే గదయ్యా, మూడోదానికి మేకల్ని తోలుకొని వస్తాలే" అంది. నేనూ గట్టిగా చెప్పలేదు. ఇంకో రెండు ఊళ్లు ఖాళీ చేయించాలన్న టెన్షన్‌లో ఉన్నాను. తర్వాత ఆమెను నాటుపడవలో తెచ్చాం. మేకలు దక్కలేదు. ఆ ఏడాది మట్టం 71.3 అడుగులకు పోయింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత వరద అదే.

తప్పంతా జనానిదే అనను. మట్టం ఎంతకు పెరుగుతుందో ముందుగా చెప్పేది కేంద్ర జల సంఘం. కరకట్టలు జలవనరుల శాఖవి. ఖాళీ చేయించేది మేము. దీనికి తోడు 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రలో కలిశాయి, అందరూ చూసే ఆ కొలత ఉన్న భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. అడుగుల లెక్క అందరికీ అందుతుంది. అన్ని అడుగులకు ఫలానా ఊళ్లో ఎంత లోతు నీళ్లుంటాయో రాసిన కాగితం మాత్రం నేను చేరినప్పుడు ఎవరూ నా చేతిలో పెట్టలేదు. ఊరి పెద్దల్ని అడిగి, ఇన్ని అడుగులకు ఈ కల్వర్టు మునుగుతుందని నోట్‌బుక్‌లో నేనే రాసుకున్నాను. బదిలీ అయినప్పుడు నా తర్వాత వచ్చినాయన అడగలేదు, నేనూ ఇవ్వలేదు. అది ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

మిగతావి గబగబా చెప్తా. పునరావాస కేంద్రానికి పోతే నష్టం జాబితాలో పేరుండదని భయపడతారు. ఆ భయం నాకు తెలుసు, ఒకసారి పేరు పోతే ఎన్నిసార్లు తిరగాలో కూడా తెలుసు. కానీ ఎన్యూమరేషన్, అంటే ఇంటింటికీ నష్టం రాసుకోవడం, నీళ్లు తీశాకే జరుగుతుంది, అప్పటికి మీరు ఇంటికొస్తారు. ఆధార్, పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని కదలండి. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) ఉందిగా అంటారు. వాళ్ల పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. బృందాల్ని ముందే పంపినా ఊరికో బోటు రాదు. వరద సాయమంటే పోయినదంతా కట్టివ్వడం కాదు, అది అప్పటికి నిలదొక్కుకోవడానికి. డ్యామ్ తెగిందంటూ వాట్సాప్‌లో తిరిగే వాయిస్ మెసేజ్‌లు నాకు పంపకండి, వినను.

ఈసారి ఫోన్ చేస్తే భద్రాచలం మట్టం అడగొద్దు. మీ ఊరి కల్వర్టు కింద ఎంత ఖాళీ ఉందో చూసి చెప్పండి. నోట్‌బుక్ తీస్తా.