మూతపడ్డ రైలు లైన్లు: అపోహలు - వాస్తవాలు

పాడుబడ్డ బ్రాంచి లైన్ల (మెయిన్ లైను నుంచి చీలే చిన్న రైలు లైన్ల) చరిత్ర తవ్వుకోవడం నా పని. ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే, "ఆ స్టేషన్ ఎప్పుడు మూసేశారు?" అని. ఒక్క తేదీ చెప్పమంటారు. చెప్పలేను, ఎందుకంటే అలాంటివి నాలుగైదు ఉంటాయి.

అపోహ: స్టేషన్ ఫలానా రోజున మూతపడింది.

ఆఖరి ప్యాసింజర్ బండి వెళ్ళిన రోజు వేరు, కాగితం మీద మూసివేత తేదీ వేరు. ఆ తర్వాత కూడా గూడ్స్ బండ్లు ఏళ్ళ తరబడి నడిచి ఉండొచ్చు, పట్టాలు పీకింది ఇంకెప్పుడో. బ్రిటన్‌లో చాలా చిన్న లైన్లకి ఆదివారం బండ్లే ఉండేవి కావు కాబట్టి ఆఖరి బండి శనివారం రాత్రి వెళ్ళిపోతే రికార్డులో మాత్రం మూసివేత సోమవారం అని పడేది. రెండు తేదీల మీద ఇద్దరు కొట్టుకుంటుంటే చాలాసార్లు ఇద్దరూ కరెక్టే.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నుంచి ఇంగ్లండ్‌లోని కార్లైల్ వెళ్ళే వేవర్లీ లైను చూడండి. మూసివేత 1969 జనవరి 6. ఆఖరి బండి 5వ తేదీ ఆదివారం రాత్రి ఎడిన్‌బరోలో బయల్దేరింది. దారిలో న్యూకాసిల్టన్‌లో ఊరివాళ్ళు లెవెల్ క్రాసింగ్ గేట్లు వేసేసి దాన్ని ఆపేశారు. ఆ ప్రాంతం ఎంపీ డేవిడ్ స్టీల్ కూడా అదే బండిలో ఉన్నాడు. కార్లైల్ చేరేసరికి తేదీ మారిపోయింది. ఇప్పుడు ఆఖరి బండి ఏ రోజుదని రాయాలి?

ఈ విషయంలో నేనూ ఒకసారి పప్పులో కాలేశాను. స్టేషన్ గోడ మీద చెక్కిన ఏడాది చూసి లైను అప్పుడే వేశారని రాసేశాను. తీరా చూస్తే అది పాత షెడ్డు పడగొట్టి కొత్త బిల్డింగ్ కట్టిన ఏడాది.

అపోహ: బ్రిటన్ బ్రాంచి లైన్లన్నిటినీ బీచింగే చంపేశాడు.

ఇది వినీ వినీ చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. బ్రిటిష్ రైల్వే చైర్మన్ రిచర్డ్ బీచింగ్ రిపోర్టు వచ్చింది 1963 మార్చిలో. 2,363 స్టేషన్లు, 5,000 మైళ్ళ లైను తీసేయమంది, నిజమే. కానీ 1948 నుంచి 1962 లోపే 3,000 మైళ్ళకి పైగా పోయాయి. పైగా ఆయన చెప్పింది సిఫార్సు మాత్రమే, ప్యాసింజర్ బండ్లు ఆపడానికి సంతకం పెట్టాల్సింది రవాణా మంత్రి. ఆ జాబితాలో ఉన్న సెటిల్-కార్లైల్ లైను ఇవాళ్టికీ నడుస్తోంది. జాబితాలో లేని ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ లైనుకి మాత్రం 1967 ఆఖర్లో చాలా భాగం మీద ప్యాసింజర్ బండ్లు ఆగిపోయాయి.

అపోహ: జనం ఎక్కలేదు కాబట్టే మూసేశారు.

ఎక్కలేదని ఎవరు లెక్కపెట్టారు, ఎప్పుడు లెక్కపెట్టారు? బీచింగ్ రిపోర్టుకి ఆధారమైన సర్వే 1961 ఏప్రిల్‌లో ఒకే ఒక్క వారం చేసింది. వేసవిలో కిటకిటలాడే సముద్రతీరం స్టేషన్‌కి ఏప్రిల్‌లో ఎవరొస్తారు? ఆదాయం చూద్దామన్నా, టికెట్ ఎక్కడ కొంటే లెక్క అక్కడికే పోతుంది. వేరే ఊళ్ళో రిటర్న్ టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్ళే ఎక్కువున్న స్టేషన్‌కి కాగితం మీద ఆదాయం కనపడదు. అందుకే నేను లెక్కల కంటే ముందు పాత టైమ్‌టేబుళ్ళు పక్కపక్కన పరిచి చూస్తాను. పొద్దున బండి ఎప్పుడు తీసేశారు, మెయిన్ లైను బండి అందకుండా టైం ఎప్పుడు మార్చారు, ఇవి అక్కడే బయటపడతాయి. అలా చేస్తే జనం వాళ్ళంతట వాళ్ళే తగ్గిపోతారు. అలాగని ప్రతిదీ కుట్ర కాదు, నిజంగానే ఖాళీగా తిరిగిన లైన్లు బోలెడు.

కొన్ని మూసివేతలకి డబ్బుతో సంబంధమే లేదు. 1964 డిసెంబరు తుపానులో తమిళనాడులోని ధనుష్కోడి ఊరు, స్టేషన్, వస్తున్న రైలు అన్నీ కొట్టుకుపోయాయి. అదే తుపానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనని ఇంజనీరు శ్రీధరన్ బృందం 46 రోజుల్లో బాగుచేసింది. ధనుష్కోడి లైను మాత్రం తిరిగి వేయలేదు.

అపోహ: జపాన్‌లో ఒక్క అమ్మాయి చదువు కోసం స్టేషన్ నడిపారు.

వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. 2016 జనవరిలో ఆ కథ, అమ్మాయి చదువు ముగిసేదాకా స్టేషన్ మూయరని, కామి-షిరటాకి స్టేషన్ పేరుతో తిరిగింది. ఆ అమ్మాయి ఎక్కేది అదే లైనులోని క్యూ-షిరటాకిలో. ఈ రెండూ, షిమో-షిరటాకి కూడా, 2016 మార్చి 26న టైమ్‌టేబుల్ మార్పుతో పాటు మూతపడ్డాయి. ఈ స్టేషన్లున్న హొక్కైడో దీవికి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) మొదలైందీ ఆ రోజే. జపాన్‌లో టైమ్‌టేబుల్ మారేదీ, చదువుల ఏడాది ముగిసేదీ మార్చిలోనే, అంతే సంగతి.

అపోహ: మూతపడితే ఇక అంతే.

వేవర్లీ ఉత్తర భాగం 2015 సెప్టెంబరులో ట్వీడ్‌బ్యాంక్ దాకా మళ్ళీ తెరిచారు. ఇంగ్లండ్‌లోని ఓక్‌హాంప్టన్‌కి 2021 నవంబరులో రోజువారీ రైలు తిరిగొచ్చింది. అక్కడ పని కొంత తేలికైంది, ఎందుకంటే క్వారీ కంకర కోసం పట్టాలు ఉంచేశారు. అమెరికాలోనైతే, రేపు మళ్ళీ రైలు కావాల్సొస్తే అని, పాత లైను దారిని ముక్కలు కాకుండా కాలిబాటగా కాపాడే చట్టం 1983 నుంచీ ఉంది.

అపోహ: పట్టాలు పీకేస్తే ఆనవాళ్ళు ఉండవు.

నిటారు ఎత్తు ఎక్కడం, గబుక్కున తిరగడం రైలు వల్ల కాదు. పొలాల మధ్య నిదానంగా వంగే కట్ట, కారణం లేకుండా వంపు తిరిగిన ఇళ్ళ వెనక గోడలు, వాగులో రెండు రాతి స్తంభాలు కనిపిస్తే అనుమానించండి. పొద్దున ఏటవాలు ఎండలో తీసిన ఆకాశ చిత్రంలో నీడ మొత్తం చెప్పేస్తుంది.

ఇక, మూసేసిన సొరంగాల్లో యుద్ధం వస్తే వాడటానికి ఆవిరి ఇంజన్లు దాచారట. బ్రిటన్‌లో 1968లో ఆవిరి బండ్లు ఆపేసినప్పటి నుంచీ ఈ పుకారు నడుస్తూనే ఉంది. ఒక్క ఇంజనూ బయటపడలేదు. బొగ్గు, నీళ్ళు, నేర్చిన మనుషులు లేకుండా ఆ ఇంజన్‌తో ఏం చేస్తారో కూడా ఎవరూ చెప్పరు. సొరంగాల్లో సాధారణంగా ఉండేవి నీళ్ళు, గబ్బిలాలు.