క్రైస్ట్‌చర్చ్: తెలియని ఫాల్ట్, తెలిసిన బురద

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ అనగానే 2011 ఫిబ్రవరి 22 గుర్తొస్తుంది. ఆ మధ్యాహ్నపు భూకంపంలో 185 మంది చనిపోయారు. నిజానికి కథ అంతకు ఐదారు నెలల ముందే మొదలైంది.

2010 సెప్టెంబర్ 4 తెల్లవారుజామున ఊరికి పడమట పొలాల్లో 7.1 తీవ్రతతో భూమి కదిలింది. దాదాపు 30 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. తిన్నగా ఉన్న కంచెలు, రోడ్లు కొన్నిచోట్ల నాలుగైదు మీటర్లు పక్కకు జరిగాయి. తర్వాత గ్రీన్‌డేల్ అని పేరు పెట్టిన ఈ ఫాల్ట్ (రెండు పక్కల రాతి పొరలు ఒకదానిపక్క ఒకటి జరిగే పగులు) అప్పటిదాకా ఏ మ్యాపులోనూ లేదు. నదులు వేల ఏళ్లుగా తెచ్చిపోసిన గులకరాళ్లు దాని పాత ఆనవాళ్లను కప్పేశాయి. ఫిబ్రవరిలో కదిలింది ఇంకో ఫాల్ట్. అది ఊరి దక్షిణపు అంచు కింద ఉంది, పైకి తేలనే లేదు. 2001లో మన భుజ్‌లోనూ ఇంతే: అసలు ఫాల్ట్ లోపలే ఉండిపోయింది, రణ్‌లో మాత్రం ఇసుక, నీళ్లు ఉబికాయి.

2011 ఏప్రిల్‌లో కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీ బృందం, స్థానిక క్యాంటర్‌బరీ యూనివర్సిటీతో కలిసి, ఇలా లోపల దాగిన ఫాల్ట్‌లను వెతకడానికి సైస్మిక్ సర్వేకు (నేలను వణికించి లోపలి పొరలను చూసే పనికి) దిగింది. బార్బడోస్ వీధి, న్యూ బ్రైటన్ బీచ్ కూడా అందులో ఉన్నాయి. సర్వే వాహనం ఆగుతుంది, దాని కింది ఇనుప పలక నేలను అదిమిపట్టి కొన్ని సెకన్లు గడగడా వణికిస్తుంది. వరసగా పాతిన జియోఫోన్లు, అంటే నేల కదలికను పట్టే చిన్న పరికరాలు, లోపలి పొరలకు తగిలి తిరిగొచ్చే తరంగాలను పట్టుకుంటాయి. కాస్త ముందుకు జరిగి మళ్లీ అదే పని. ఆ రికార్డులన్నీ పక్కపక్కన పేరిస్తే పొరలు గీతల్లా కనబడతాయి. గీత తెగి ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క దిగువగా ఉంటే అక్కడ ఫాల్ట్‌ను అనుమానించాలి.

భూకంపంలో నేలలోంచి ఉబికే బురద సంగతి వేరు. నీళ్లు నిండిన వదులు ఇసుకను కుదిపితే రేణువులు దగ్గరకు సర్దుకోబోతాయి. మధ్యలోని నీటికి వెళ్లే దారి ఉండదు, ఒత్తిడి పెరిగి రేణువుల మధ్య పట్టు పోతుంది. నేల కాసేపు ద్రవంలా మారుతుంది. దీన్నే లిక్విఫాక్షన్ అంటారు. 1964లో జపాన్‌లోని నీగతలో అపార్ట్‌మెంట్లు గోడలు పెద్దగా చెదరకుండానే పక్కకు ఒరిగిపోవడంతో ఇంజనీర్లు దీన్ని సీరియస్‌గా తీసుకున్నారు. క్రైస్ట్‌చర్చ్‌కైతే ఈ ముప్పు చూపే మ్యాపులు భూకంపానికి ముందే ఉన్నాయి. ఫాల్ట్ విషయంలో తెలియదని చెప్పుకోవచ్చు, ఇక్కడ ఆ సాకూ లేదు. బెక్స్‌లీ లాంటి తూర్పు పేటల్లో సెప్టెంబర్‌లో ఉబికిన బురద ఎత్తిపోసుకున్నవాళ్లే ఫిబ్రవరిలో మళ్లీ పారలు పట్టారు.

వందల మీటర్ల లోతు చూడటానికి చేసే సర్వే, పైనున్న పది మీటర్ల గుట్టు సరిగా చెప్పలేదు. దానికి పద్ధతి వేరే ఉంది. సమ్మెటతో నేలను కొట్టి, ఉపరితలం వెంట పోయే తరంగాల వేగం కొలుస్తారు. దాన్నిబట్టి షియర్ తరంగాల (నేలను అడ్డంగా ఊపుతూ పోయే తరంగాల) వేగం లెక్కగడతారు. అది సెకనుకు దాదాపు 200 మీటర్లకు లోపుంటే, కింద నీళ్లు నిండిన ఇసుక ఉంటే, జాగ్రత్తపడాల్సిందే. దీనికి తోడు, మట్టి ఎంత గట్టిదో చూడటానికి ఉక్కు కోన్‌ను నేలలోకి దించే పరీక్ష క్రైస్ట్‌చర్చ్‌లో వేల చోట్ల చేశారు.

చివరికి దాదాపు 8,000 ఇళ్ల స్థలాలను రెడ్ జోన్‌గా, అంటే మళ్లీ ఇళ్లు కట్టడానికి తగనివిగా తేల్చారు. చదునైన ప్రాంతంలో మిగిలిన ఇళ్ల స్థలాల్లో చాలావాటిని లిక్విఫాక్షన్ ముప్పును బట్టి టీసీ1, టీసీ2, టీసీ3 (టీసీ అంటే టెక్నికల్ కేటగిరీ) అని మూడు రకాలు చేశారు. ముప్పు ఎక్కువున్న టీసీ3లో కొత్తగా ఇల్లు కట్టాలంటే ముందు ఆ స్థలంలోనే మట్టి పరీక్ష చేయించి, దానికి తగ్గ పునాది డిజైన్ చేయించుకోవాలి.