‘ఇంకా’లో ఏముంది?

ఈమధ్య ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర ఎదురు వరసలో కూర్చున్న పెద్దావిడ మా అక్క కూతుర్ని పలకరించింది. "ఏమ్మా, ఇంకా పెళ్ళి కాలేదా?" ఆ పిల్ల "లేదండీ" అని తల వంచుకుని పప్పన్నం కలుపుకుంది. ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. కానీ ఆ జవాబుతో రెండు విషయాలు ఒప్పుకున్నట్టయింది. పెళ్ళి కాలేదన్నది ఒకటి, ఈపాటికే అయిపోవాల్సిందన్నది రెండోది. ఆ రెండోది ఆవిడ నోటితో అనలేదు. 'ఇంకా' అన్న మాట దాన్ని వెంటేసుకుని వచ్చింది. "అయిపోయిందండీ" అని చెప్పినా అది పోయేది కాదు.

ఇలా వాక్యంతో పాటు చెప్పకుండానే వచ్చేదాన్ని భాషాశాస్త్రంలో ప్రిసపోజిషన్ అంటారు. మనం పూర్వభావన అనుకుందాం. 'ఇది ఇద్దరికీ ముందే తెలుసులే' అన్నట్టుగా మాట్లాడేవాళ్ళు పక్కన పెట్టేసిన సంగతి అది. దాన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. "పక్కింటాయన సిగరెట్లు మానేశాడు" అనండి. తర్వాత "మానలేదు", "మానేశాడా?", "మానేస్తే బాగుండు" అని మార్చి చూడండి. మానడం సంగతి వాక్యానికో రకంగా మారుతోంది. ఆయనకి సిగరెట్ల అలవాటు ఉండేదన్నది మాత్రం నాలుగింట్లోనూ కదలకుండా కూర్చుంది.

ఈ చర్చ పాతదే. 'కెప్లర్ దుర్భర స్థితిలో చనిపోయాడు' అన్నా, కాదన్నా కెప్లర్ అనే మనిషి (ఖగోళ శాస్త్రజ్ఞుడు) ఉన్నాడన్న నమ్మకం మీదే రెండు వాక్యాలూ నిలబడతాయని జర్మన్ తత్వవేత్త ఫ్రేగె 1892లోనే గమనించాడు. 1905లో బ్రిటిష్ తత్వవేత్త రసెల్ ఇంకో చిక్కుముడి వేశాడు. రాజే లేని కాలంలో 'ఇప్పటి ఫ్రాన్సు రాజుది బట్టతల' అంటే? అది అబద్ధం అన్నాడు రసెల్. నిజమూ కాదు, అబద్ధమూ కాదు, అసలు ఆ ప్రశ్నే పుట్టదు అన్నాడు 1950లో మరో బ్రిటిష్ తత్వవేత్త స్ట్రాసన్. నాకు స్ట్రాసన్ చెప్పిందే సరి అనిపిస్తుంది. ఎవరైనా నాతో ఆ మాటంటే "అబద్ధం" అనను కదా, "ఏ రాజు?" అంటాను.

1970లలో అమెరికన్ తత్వవేత్త స్టాల్నేకర్ చూపును వాక్యం మీంచి మనుషుల మీదికి మళ్ళించాడు. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఉమ్మడిగా ఒప్పుకున్న విషయాల మూట ఒకటి ఉంటుంది. పూర్వభావన ఆ మూటలో ఉండాలి. ఆ మూట మాటమాటకీ పెరుగుతూ ఉంటుంది, ఒక్క వాక్యం సగంలో కూడా. "వాడి కొడుకు కాలేజీలో ఉంటే ఖర్చులు ఎక్కువే" అంటే వాడికి కొడుకున్నాడని అర్థమైపోతుంది. "వాడికి కొడుకంటూ ఉంటే, ఆ కొడుకు ఈపాటికి కాలేజీలో ఉంటాడు" అంటే? కొడుకున్నాడని ఎవరూ అనుకోరు. మొదటి ముక్క కొడుకుని ఊహగా మూటలో వేసింది, రెండో ముక్క అక్కణ్ణుంచే తీసుకుంది. భాషాశాస్త్రవేత్త కార్టునెన్ ఇలాంటివి వరసగా పరిశీలించాడు. ఈ విషయం మొత్తంలో నాకు బాగా నచ్చే చోటు ఇదే.

మరి మూటలో లేనిది ఎదురైతే? చాలాసార్లు మనమే చప్పుడు చేయకుండా అందులో వేసేసుకుంటాం. "సారీ, మా చెల్లెల్ని స్టేషన్లో దింపేసరికి లేటయింది" అని ఆఫీసులో ఎవరన్నా, "నీకు చెల్లెలుందా?" అని ఆపి నిలదీయం. ఈ సర్దుబాటుని 1979లో తత్వవేత్త డేవిడ్ లూయిస్ చక్కగా వివరించాడు. 'కూడా' మాత్రం అంత తేలిగ్గా సర్దుకోనివ్వదు. ఫోన్ ఎత్తగానే "రవి కూడా ఈ రాత్రి హైదరాబాద్‌లోనే భోంచేస్తున్నాడు" అంటే "ఇంకెవరు?" అని అడిగి తీరతాం. ఆ ఊళ్ళో ఆ పూట లక్షల మంది భోంచేస్తారని తెలిసినా సరే. అంతకుముందు మాటల్లో ఒక మనిషి వచ్చి ఉండాలి. ఇది తత్వవేత్త సాల్ క్రిప్కీ న్యూయార్క్ మీద చెప్పిన ఉదాహరణ, ఊరు మాత్రం నేను మార్చాను.

తెలుగు పేపర్లలో ఈ సర్దుబాటు రోజూ జరుగుతుంది. "…పథకాన్ని వాయిదా వేసిన సంగతి తెలిసిందే." మొదటిసారి వింటున్నా, నాకొక్కడికే తెలియదు కాబోలు అనుకుని ముందుకెళ్ళిపోతాం. నిన్నటి వార్తను గుర్తుచేయడానికి అది మంచి పద్ధతే. కానీ కేసు ఇంకా తేలని మనిషి గురించి "ఈ కుంభకోణంలో ఆయన పాత్ర ఉన్న సంగతి తెలిసిందే" అని రాస్తే అది అన్యాయం. "ఆయన పాత్ర ఉంది" అని రాస్తే ఆధారం ఏదని అడుగుతాం. 'సంగతి తెలిసిందే' ఆ అడిగే చోటు లేకుండా చేస్తుంది.

జ్ఞాపకాన్ని కూడా ఇది కదిలిస్తుంది. 1975లో లాఫ్టస్, జానీ అనే పరిశోధకులు కొంతమంది విద్యార్థులకి కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి ప్రశ్నలు వేశారు. ఇంగ్లీషులో తేడా ఒక్క చిన్న మాటే. మన భాషలో చెప్పాలంటే కొందరిని "పగిలిన హెడ్‌లైట్ ఏదైనా చూశారా?" అని, కొందరిని "ఆ పగిలిన హెడ్‌లైట్ చూశారా?" అని అడిగినట్టు. ఫిల్మ్‌లో లేనివాటి గురించి అడిగినప్పుడు మొదటి రకం ప్రశ్నకి 7 శాతం మంది చూశామన్నారు. రెండో రకానికి 15 శాతం.

కోర్టులకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. జవాబును తనలోనే సూచించే ప్రశ్నని లీడింగ్ క్వశ్చన్ అంటారు. తమ సాక్షినే విచారించేటప్పుడు, అవతలి పక్షం అభ్యంతరం చెబితే, కోర్టు అనుమతి లేకుండా అలాంటివి అడగకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అదే ఉంది. వివాదం లేని విషయాల్లో, అప్పటికే తగినంత రుజువైన విషయాల్లో మాత్రం కోర్టు అనుమతి ఇవ్వాలి. అంటే ఉమ్మడి మూటలో ఏం చేరిందో జడ్జి చూసుకుంటూ ఉంటాడన్నమాట. కత్తి ఉన్నట్టు రుజువైపోతే "ఆ కత్తి ఎక్కడ పడేశాడు?" అని అడగనిస్తారు. కాకపోతే వకీలు వెనక్కి వెళ్ళి, "అప్పుడు అతని చేతిలో ఏమైనా ఉందా?" దగ్గర మొదలుపెట్టాలి.