బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత సపోర్ట్ గ్రూప్ మీటింగులు: అపోహలు - వాస్తవాలు

హాల్లోకి అడుగుపెట్టగానే పక్కవాళ్లు అడిగే మొదటి మాట "మీరెన్ని కిలోలు తగ్గారండీ?" అయితే, ఆ మీటింగు ప్లానింగులోనే ఎక్కడో లోపం ఉందని అర్థం. ఆ ప్రశ్నకు నవ్వుతూ జవాబిచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు. మళ్లీ బరువెక్కుతున్నవాళ్లు ఒకసారి వచ్చి, తలొంచుకుని కూర్చుని, రెండోసారి రారు. మీటింగు అవసరం వాళ్లకే ఎక్కువ. స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగల్చడం), బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలపడం) ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో గ్రూపులు నడిపే కోఆర్డినేటర్లు, డైటీషియన్లు, నర్సులు తరచుగా నమ్మే కొన్ని మాటలను ఇలాంటివాళ్లకు పనికొస్తాయా అన్న కొలతతోనే చూద్దాం.

అపోహ: మొదటి ఆరు నెలలు మీటింగులకు వస్తే చాలు.

మొదటి ఆరు నెలల్లో ఆకలి తక్కువ, బరువు దానంతటదే దిగుతుంటుంది, చెకప్‌లకు ఎలాగూ వస్తుంటారు. అప్పటి సందేహాలు చాలావరకు డైటీషియన్ ఫోన్లోనే తీరిపోతాయి. జుట్టు రాలడం మూడో నెల నుంచి ఆరో నెల మధ్య మొదలై భయపెడుతుంది గానీ, అది ఎక్కువమందికి తాత్కాలికమే. అసలు కష్టం ఏడాది, ఏడాదిన్నర దాటాక వస్తుంది. ఆకలి తిరిగొస్తుంది, తూకం ముల్లు కదలడం మానేస్తుంది. ముద్ద పప్పన్నం నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది కానీ, జంతికలు, చేగోడీలు, బిస్కెట్లు నోట్లోనే కరిగి జారిపోతాయి కాబట్టి గిన్నెడు తిన్నా బరువనిపించవు. బైపాస్ అయినవాళ్లకు మద్యం త్వరగా, గట్టిగా ఎక్కుతుంది. అలవాటు సమస్యగా మారడం రెండో ఏడాది నుంచి ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చూపించాయి.

అందుకే గ్రూపును కాలం ప్రకారం విడదీయాలి: ఆపరేషన్‌కు ముందువాళ్లు, ఏడాదిలోపువాళ్లు, ఏడాది దాటినవాళ్లు. మూడింటికి సరిపడా మంది లేకపోతే ఏడాది గీత దగ్గర రెండుగా చేయండి. అందరినీ కలిపి కూర్చోబెడితే, ద్రవాహారం మీద ఉన్న మనిషి ముందు మూడేళ్ల మనిషి బిర్యానీ గురించి మాట్లాడతాడు. ఇద్దరికీ లాభం లేదు.

నెలకొకసారి, ఒకే వారం, ఒకే టైము. రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి అనుకుంటే ఏడాది పొడవునా అదే. తేదీలన్నీ అచ్చు వేసి డిశ్చార్జి ఫైల్లోనే పెట్టేయండి. పండుగ గురించి మాట్లాడాల్సింది పండుగకు ముందు. సంక్రాంతి పిండివంటల మీటింగు డిసెంబరులోనే అయిపోవాలి, అరిసెలు తిన్నాక చెప్పి ప్రయోజనం లేదు.

అపోహ: బాగా తగ్గినవాళ్లతో మాట్లాడిస్తే మిగతావాళ్లకు ఊపొస్తుంది.

కొందరికి వస్తుంది. మిగతావాళ్లకు సిగ్గొస్తుంది. స్లీవ్‌కూ బైపాస్‌కూ తగ్గే తీరు వేరు, మొదలైన బరువు వేరు, షుగరు, థైరాయిడ్ వేరు. 160 కిలోల మనిషి తగ్గిన కిలోలకూ 105 కిలోల మనిషి తగ్గిన కిలోలకూ పోటీ పెట్టడం లెక్క ప్రకారం కూడా తప్పే. అనుభవం చెప్పడానికి పిలిచినవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి: కిలోల సంఖ్య వద్దు. పెళ్లి భోజనంలో ఏం చేశారో, రాత్రి డ్యూటీలో ఏం తిన్నారో, ఆగిపోయిన బరువును ఎలా తట్టుకున్నారో చెప్పమనండి.

తూకం మిషను హాల్లో ఉండకూడదు. కావాలన్నవాళ్లు పక్క గదిలో, ఒక్కరొక్కరుగా చూసుకుంటారు. ముందు-తర్వాత ఫొటోలకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మీటింగులో చూపించడానికి ఇచ్చిన అనుమతి ఆసుపత్రి ఇన్‌స్టాగ్రామ్‌కు చెల్లదు, దానికి వేరే సంతకం.

అపోహ: హాలు ఏదైనా ఒకటే.

ఇంకా ఆపరేషన్ కాని మనిషిని ఊహించుకోండి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కుని కూర్చుంటే, కుర్చీ చేతులు తొడలను నొక్కుతాయి. లేవబోతే కుర్చీ కూడా లేస్తుంది. నున్నటి టైల్స్ మీద దాని కాళ్లు మెల్లగా పక్కలకు విచ్చుకుంటాయి. పడకపోయినా పడతానేమోనన్న భయంతో గంటన్నర గడుస్తుంది. చెప్పింది ఒక్కటీ చెవికెక్కదు.

చేతుల్లేని, ఇనుప ఫ్రేము కుర్చీలు, కనీసం 200 కిలోలు మోస్తాయని తయారీదారు రాసినవి కావాలి. సీటు ఎత్తు 18 అంగుళాల దాకా ఉంటే మోకాళ్ల నొప్పులవాళ్లు సులువుగా లేస్తారు. అన్నీ అవే కుర్చీలు వేయండి. మూలన రెండు "స్పెషల్" కుర్చీలు వేస్తే వాటిలో ఎవరూ కూర్చోరు. వరుసల్లో వద్దు, గుండ్రంగా వేయండి. గది కింది అంతస్తులో గానీ లిఫ్టు పక్కన గానీ ఉండాలి. టాయిలెట్ దగ్గర్లో ఉండాలి, కమోడ్ గోడకు వేలాడేది కాకుండా నేల మీద నిలబెట్టినదైతే మంచిది.

తినుబండారాల గురించి ఒక్క మాటే: సమోసా, బిస్కెట్ వద్దు. మంచినీళ్లు, పల్చటి మజ్జిగ, చిన్న గ్లాసులు.

అపోహ: డాక్టరు గారి లెక్చరు ఉంటేనే మీటింగు.

సర్జన్ ముందు పేషెంట్లు మంచి పిల్లల్లా మారిపోతారు. "వాకింగ్ చేస్తున్నాను సార్, మాత్రలు వేసుకుంటున్నాను సార్." నిజం బయటికి రాదు. గ్రూపును డైటీషియనో, సైకాలజిస్టో, అనుభవమున్న నర్సో నడపాలి. సర్జన్ మూడు నెలలకోసారి 20 నిమిషాలు వచ్చి, పేరు లేకుండా చీటీల డబ్బాలో వేసిన ప్రశ్నలకు జవాబులిస్తే చాలు.

90 నిమిషాలను ఇలా పంచవచ్చు: రావడానికి, సర్దుకోవడానికి 10, పరిచయాలకు 15, ఒకే ఒక్క అంశానికి 20, పేషెంట్లు మాట్లాడుకోవడానికి 35, ముగింపుకు 10. అంశానికిచ్చిన 20 నిమిషాలు సాగి 50 కావడం మామూలుగా జరిగే తప్పు. స్లైడ్లు మానేసి వస్తువులు తెస్తే అది ఆగుతుంది.

ఉదాహరణకు ప్రొటీను. రోజుకు 60 నుంచి 80 గ్రాములు అని గోడ మీద రాస్తే ఎవరికీ ఎక్కదు. బల్ల మీద రెండు గిన్నెలు పెట్టండి. ఒకదాంట్లో గరిటె నిలబడేంత గట్టి పప్పు, ఇంకోదాంట్లో పప్పుచారు. గట్టి పప్పు కప్పుకు దాదాపు 8 గ్రాముల ప్రొటీను ఉంటుంది, పప్పుచారు పైతేటలో చాలా కొద్ది. ఇంట్లో "పప్పు తింటున్నానండీ" అనేవాళ్లలో చాలామంది తినేది రెండోదే. తర్వాత వాళ్లచేతే కూడించండి: రెండు గుడ్లు 12, వంద గ్రాముల పనీరు 18, రెండు వందల గ్రాముల పెరుగు 6 లేదా 7, గట్టి పప్పు 8, అరవై గ్రాముల ఉడికిన చికెన్ 16. మొత్తం 60. చికెన్ తిననివాళ్ల లెక్క ఎక్కడ తగ్గిందో వాళ్లకే కనిపిస్తుంది. ప్రొటీను పౌడరు గొడవ అక్కడ మొదలుపెడితే వింటారు.

మాత్రల మీటింగు కూడా ఇలాగే. డబ్బాలు తెచ్చుకోమనండి. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500-600 మించకుండా, కాల్షియం సిట్రేట్ రకం మాత్ర అయితే మేలు. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటలు. ఐరన్ మాత్రను టీతో మింగేవాళ్లు ప్రతి మీటింగులోనూ ఒకరైనా తేలతారు.

అపోహ: అనుభవమున్న పేషెంటు చెప్పే సలహా డాక్టరు సలహాతో సమానం.

కూర గురించి అయితే సమానమే, కొన్నిసార్లు మెరుగు కూడా. మందుల గురించి కాదు. "నాకు ఏం కాలేదు, డైక్లోఫెనాక్ వేసుకో" అన్న మాట విని ఆ నొప్పి మాత్ర వేసుకుంటే, అది బైపాస్ మనిషికి కడుపులోని కుట్టు దగ్గర పుండు తెచ్చిపెట్టగలదు. నడిపే మనిషి అక్కడే ఆపి, "ఇది గ్రూపులో తేలేది కాదు, మీటింగు తర్వాత మాట్లాడదాం" అనాలి.

ఒక కార్డు అచ్చు వేసి అందరికీ ఇవ్వండి. వెంటనే ఫోన్ చేయాల్సినవి: మొదటి వారాల్లో జ్వరం, గుండె దడ, ఆయాసం, కాలి పిక్క వాపు, ఎన్నేళ్లయినా సరే తీవ్రమైన కడుపునొప్పి, నల్లటి విరేచనం, రెండు మూడు రోజులుగా ఆగని వాంతులు. చివరిదాన్ని పెద్దక్షరాల్లో వేయండి. వాంతులతో నీరసపడినవాళ్లను దగ్గర్లోని క్లినిక్కులో పడుకోబెట్టి గ్లూకోజ్ ఎక్కించడం మన ఊళ్లలో మామూలు. థయమిన్, అంటే బి1, తగ్గిపోయి ఉన్నప్పుడు ముందు అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. నడక తూలడం, రెండుగా కనిపించడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇవ్వండి" అన్న వాక్యం ఆ కార్డు మీద ఉండాలి (బేరియాట్రిక్ సర్జరీ అంటే ఈ బరువు తగ్గే ఆపరేషనే).

ఆపరేషన్ తర్వాత కొందరిలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయి. అలాంటి మాట వినబడితే మీటింగు ముగిసేదాకా ఆగకుండా ఒకరు ఆ మనిషితో పక్కకు వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కార్డు వెనక వేయండి.

అపోహ: వాట్సాప్ గ్రూపు ఉందిగా, మీటింగు ఎందుకు?

గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వారం తిరిగేసరికి హెర్బల్ పొడి అమ్మేవాళ్లు చేరతారు. అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా పెట్టి, తేదీలకు, గుర్తుచేయడానికి వాడుకోండి. జూమ్ పెడితే ఉచిత ఖాతా 40 నిమిషాలకు తెగిపోతుందని గుర్తుంచుకోండి, అది సరిగ్గా ఎవరో ఏడుస్తూ మాట్లాడుతున్నప్పుడే తెగుతుంది.

అపోహ: కుటుంబసభ్యులు ప్రతిసారీ పక్కనే ఉండాలి.

అత్తగారు పక్కన ఉంటే కోడలు నోరు విప్పదు. పెళ్లి సంబంధాలు చూస్తున్నందుకు ఆపరేషన్ సంగతే బంధువులకు చెప్పని ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేయాలన్న నియమం ప్రతి మీటింగు మొదట్లోనూ చెప్పాలి. కుటుంబాలకు మూడు నెలలకోసారి విడిగా పెట్టండి. "ఒక్క ముద్దేగా" అని బలవంతం చేయకూడదనీ, గర్భం కోసం 12 నుంచి 18 నెలలు ఆగాలనీ ఇంట్లోవాళ్లకు నేరుగా చెప్పాల్సింది అక్కడే.

అపోహ: పదిమంది కూడా రాకపోతే మీటింగు ఫెయిలైనట్టే.

ఆరుగురు వస్తే అది మంచి గ్రూపే. పదిహేను దాటితే మనిషికి మూడు నిమిషాలిచ్చినా 45 నిమిషాలు, మీ దగ్గరున్నవి 35. హాజరు పట్టికలో చూడాల్సింది ఎవరు మానేశారన్నది. వరుసగా రెండుసార్లు రానివాళ్లకు కోఆర్డినేటర్ ఫోన్ చేయాలి. ఆ ఫోన్లో బరువు అడగొద్దు. "అమ్మా, మీ బి12 ఇంజెక్షన్ టైమైంది, ఏడాది రక్తపరీక్షలు కూడా బాకీ ఉన్నాయి. ఆదివారం మీటింగు రోజే శాంపిల్ ఇచ్చేయండి, ఆ తర్వాత ఇష్టమైతే కాసేపు కూర్చోండి" అంటే చాలు.